కడప దొరకు లిమరిక్‌లో ఫ్లెక్సీ

ముందే ఒక మాట. నేను చెప్పేటప్పుడు మధ్యలో ఎవరైనా నవ్వితే టీ కప్పు లాక్కుంటా. సర్లే, మొదటి సగానికి నవ్వుకోండి, పర్లేదు. మొన్న ఆదివారం నేను ఏం వెలగబెట్టానో తెలుసా? ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కట్టించి, దండ వేయించి, ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దామెను నలుగురిలో ఏడిపించి, ఆమె తమ్ముడి ఆఖరి కోరిక మీద చన్నీళ్ళు పోసి వచ్చా. అంతా మంచి చేద్దామనే! నా మొహానికి మంచి ఒకటి.

మా పక్కింట్లో డెనిస్ అంకుల్ అని ఉంటాడు. ఎనభై నాలుగేళ్ళు, భార్య పోయింది, ఒక్కడే. ఈ ఐర్లాండ్‌కి వచ్చి లిమరిక్ బయట ఆ ఊళ్ళో మేం ఇల్లు తీసుకున్న కొత్తలో నేను "అంకుల్" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరన్నా ఉన్నారేమోనని. ఇప్పుడు పొరపాటున "డెనిస్" అన్నానా, "ఏం పద్మా, కోపమొచ్చిందా?" అంటాడు. నేను పులిహోర ఇస్తా, ఆయన వాళ్ళ పెరట్లో పండిన పుల్లటి రూబార్బ్ కాడలు ఇస్తాడు. ఆ రూబార్బ్‌తో ఏం చేయాలో తెలియక పప్పులో వేశా ఒకసారి. గోంగూరకు చెల్లెలిలా ఉంది, నిజం!

పోయిన చలికాలం నుంచి ఊపిరితిత్తులు పాడైపోయాయి ఆయనకి. డాక్టర్లు ఏం చెప్పారంకుల్ అని అడిగితే, "క్రిస్మస్‌కి నాకు గిఫ్ట్ కొనకు పద్మా, దండగ" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయా.

ఆ తర్వాత ఒకరోజు వంటింటి ప్రెస్ తలుపు తీశాడు. అదే, అలమరా. కప్పుల వెనకాల, గోడ వైపు తిప్పి పెట్టిన ఒక ఫోటో తీశాడు. మీసాలు, యూనిఫాం, చేతిలో టోపీ. "మా ముత్తాత. జెరమయా టూమీ. భార్యనీ పసిబిడ్డనీ వదిలి ఇండియాలో పోలీసు ఉద్యోగానికి పోయాడు. తిరిగి రాలేదు" అన్నాడు.

ఎందుకంకుల్ గోడ వైపు తిప్పి పెట్టారు అంటే, చెప్పాడు. ఇండియాలో కరువొచ్చినప్పుడు గింజల కోసం వచ్చిన జనం మీద తుపాకులు పేల్పించాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళంట. ఈ దేశంలో ఆకలి మాటెత్తితే ఎట్లుంటుందో మీకు తెలుసు కదా. బంగాళాదుంపలు కుళ్ళి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన నేల. జెరమయా అమ్మానాన్నలు ఆ కరువులో బతికి బట్టకట్టినవాళ్ళే. అట్లాంటి ఇంట్లో పుట్టి, ఆకలితో వచ్చినవాళ్ళని కాల్పిస్తే ఊరు ఊరుకుంటుందా? డెనిస్ అంకుల్ వాళ్ళ నాయన్ని బళ్ళో ఆ మాటే అని ఏడిపించేవాళ్ళంట. వాళ్ళ కుటుంబం సమాధి రాయి మీద అందరి పేర్లూ ఉన్నాయి, జెరమయా పేరు తప్ప.

"మా డాడీ పోయేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. నిజమేందో కనుక్కో, చేయలేదని తెలిస్తే పేరు చెక్కించు అన్నాడు. అరవై ఏళ్ళయింది. మా అక్క మోరీన్‌ని అడిగితే, చేశాడు, వదిలేయ్ అంటుంది. ఇదొక్కటి తేలితే నేను నిమ్మళంగా పోతా పద్మా."

ఏ ఊరంకుల్ అన్నా. ఫోటో వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "కుడ్డపా."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా. "అంకుల్! అది కడప! మా కడప!"

ఇంక నాకు పూనకం రాక ఏమవుతుంది చెప్పండి. ఎక్కడి లిమరిక్, ఎక్కడి కడప! దేవుడే నన్ను ఈ ఇంటి పక్కన పడేశాడు అనుకున్నా. "వారంలో తేల్చేస్తా అంకుల్" అని మాట కూడా ఇచ్చేశా. వెనకా ముందూ చూడకుండా మాటిచ్చేయడం మా ఇంటి ఆస్తి.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి, తర్వాత నన్ను తిట్టడానికి మీకు పనికొస్తుంది. మా మెడికల్ డివైస్ ఫ్యాక్టరీలో నా పనేందంటే, ఎవరూ పాత కాగితం పట్టుకుని పనిచేయకుండా చూడటం. ఏ కాగితం వచ్చినా, దీని తర్వాత ఇంకోటి వచ్చిందా, ఇందులో ఏదన్నా మారిందా అని చూసిగానీ వదలను. లైన్ మీద పనిచేసేవాళ్ళు నన్ను చూస్తే దారి మార్చి పోతారు. అంత గట్టి మనిషిని!

పాత పేపర్లన్నీ స్కాన్ చేసి పెట్టిన వెబ్‌సైట్ ఒకటుంది. అందులో మద్రాసు నుంచి వచ్చిన దొరల ఇంగ్లీషు పేపరు. వారమన్నది మూడు వారాలు పట్టింది. అక్షరాలు చీమలంత, అవీ అలికేసినట్టు. గుర్రాల అమ్మకాలు, సోడా ప్రకటనలు, ఏ ఓడలో ఏ దొరసాని దిగింది, అన్నీ చదివా. మా ఆయన శేఖర్ ఒకటే సణుగుడు. "ఏమే పద్మా, ఇంట్లో నేనొకణ్ణి బతికే ఉన్నా. చచ్చినోళ్ళతో అయిపోతే నాకూ ఇంత అన్నం పెట్టు" అని.

చివరికి దొరికింది! మనవైపు ధాత కరువు అంటారు కదా, దాదాపు నూట యాభై ఏళ్ళ కిందటి ఆ కరువు నాటి వార్త. కడప దగ్గర ప్రభుత్వం గింజల గోదాము. జనం ఎగబడ్డారు. అక్కడ ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. బార్లో అనేవాడు కాల్చమన్నాడు, ముగ్గురు చచ్చిపోయారు. రెండోవాడు అడ్డం పడి, తుపాకులు దింపించి, పై నుంచి హుకుం లేకుండానే తలుపులు తీసి గింజలు పంచాడు. ఆ రెండోవాడి పేరు టూమీ!

నేను అరిచిన అరుపుకి శేఖర్ చేతిలో అట్లకాడ కింద పడింది. వానలో, స్లిప్పర్లతో, లాప్‌టాప్ కొంగు కింద పెట్టుకుని పక్కింటికి పరిగెత్తా. డెనిస్ అంకుల్ చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, పైకప్పు వైపు చూసి, "ఆయన చేయలేదు డాడీ" అన్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి డాడీ అంటుంటే ఎట్లుంటుందో నేను చెప్పలేను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆయనే టీ పెట్టాడు.

ఇంతటితో ఆగి ఉంటే మనిషినే. కానీ మనకి సంతోషమొస్తే ఏం చేస్తాం? ఫ్లెక్సీ!

మీకు సిమెటరీ సండే తెలుసు కదా. ఏడాదికోసారి ఊరంతా శ్మశానంలో చేరి, సమాధులు కడిగి, పూలు పెడతారు. ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లుతాడు. మనం పెద్దలకు పెట్టుకోవడం లేదూ, అట్లాంటిదే. ఆరోజు అదంతా అయిపోయాక అందరినీ టీకి పిలిచాడు అంకుల్. కిల్కెన్నీ నుంచి మోరీన్ ఆంటీ వస్తోంది, పేపర్లో దొరికిందంతా ఆమెకి ఫోన్లో చదివి వినిపించాడంట. సోమవారం రాయి చెక్కే మేస్త్రీ వస్తున్నాడు. "డెకరేషన్ నాకొదిలేయండి అంకుల్" అన్నా. అనకూడదా? మా కడపలో అన్నం పెట్టిన దొర ఆయన!

హర్లింగ్ ఆట జట్లకి బ్యానర్లు వేసే షాపులో చేయించా. మధ్యలో జెరమయా, ఫోటోకి కాస్త రంగులద్దించి, తల వెనకాల వెలుగు పెట్టించా. పైన ఇంగ్లీషులో ఆకలి తీర్చిన మహానుభావుడు. కింద తెలుగులో "అన్నదాత జెరమయా గారికి జోహార్లు". మూలల్లో రెండు పావురాలు. అడుగున చిన్న గుండ్రాల్లో డెనిస్ అంకుల్, నేను, నమస్కారం పెడుతూ శేఖర్. షాపులో అమ్మాయి "పొలిటిషియనా?" అని అడిగింది. శనివారం సాయంత్రం శేఖర్ ఆ ఫ్లెక్సీని అంకుల్ వాళ్ళ పెరటి గోడకి కట్టేశాడు. గాలికి ఎగరకూడదని నలభై ప్లాస్టిక్ టైలు బిగించాడు. మల్లెపూలు దొరక్క కార్నేషన్ల దండ. మోరీన్ ఆంటీకి కప్పడానికి శాలువా కూడా రెడీ.

ఆదివారం పొద్దున. అందరూ శ్మశానానికి తయారవుతున్నారు. మోరీన్ ఆంటీకి ఆ వార్తని ఫ్రేములో పెట్టి ఇద్దామనిపించింది. శుభ్రంగా ఉన్న ప్రింట్ కోసం వెబ్‌సైట్ తెరిచా. తేదీ తప్పు నొక్కా. తర్వాతి వారం పేపరు వచ్చింది. మూసేయబోతూ చూశా, సోడా ప్రకటన కింద మూలన, నాలుగే నాలుగు లైన్లు. కడప.

పోయిన వారం వార్తలో ఇద్దరి పేర్లూ తారుమారయ్యాయంట. కాల్చమన్నది టూమీ. తలుపులు తీసింది బార్లో. ఈ సంగతి తమకి రాసి పంపింది టూమీనే అంట. తాను చేయని మంచి తన పేరున వేయొద్దనీ, తాను చేసినది తన పేరునే వేయమనీ.

అయ్యో దేవుడా! దీని తర్వాత ఇంకోటి వచ్చిందా అని ఫ్యాక్టరీలో అందరి ప్రాణాలూ తోడేదాన్ని, ఒక్క పేజీ, ఒక్కటంటే ఒక్క పేజీ ముందుకి తిప్పలేదు!

వంటింటి కత్తెర పట్టుకుని పరిగెత్తా. నిచ్చెన ఎక్కా. ఒక టై కోశా, రెండు కోశా, నలభైలో ఇంకా ముప్పై ఎనిమిది! కత్తెరా? అది కొత్తిమీర కోసుకునేది. ఇంతలో సూటు వేసుకుని, చేతికర్రతో డెనిస్ అంకుల్ బయటికొచ్చాడు.

"ఏం చేస్తున్నావ్ పద్మా?"

"వంకరగా ఉందంకుల్, సరిచేస్తున్నా."

"గ్రాండ్‌గా ఉంది. దిగు, కాలు విరుగుద్ది" అన్నాడు. ఆయన మొహం ఎంత తేటగా ఉందంటే, నేను దిగిపోయా. చెప్పలేదు. అది నా మొదటి తప్పు కాదు, పదో పన్నెండో తప్పయి ఉంటుంది.

శ్మశానంలో ఫాదర్ ఏం చెప్పాడో నాకొక్క ముక్క ఎక్కలా. డెనిస్ అంకుల్ సమాధి పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా రాయి మీద ఖాళీ చోటు వేలితో చూపిస్తున్నాడు. "ఇక్కడ. రేపే" అని. ప్రతిసారీ నేను పూలు సర్దుతున్నట్టు తల తిప్పేసుకున్నా.

తర్వాత టీ. పెరటి నిండా జనం, హ్యామ్ శాండ్‌విచ్‌లు. ఫ్లెక్సీ ముందు సెల్ఫీలు! ఎవరో వచ్చి, పావురాలు బాగున్నాయి, ఎంతయింది అని అడిగారు. నేను శేఖర్‌ని పక్కకి లాక్కుపోదామని చూస్తే అతను శాలువాతో ఎక్కడో పొంచి ఉన్నాడు. మోరీన్ ఆంటీ ఫ్లెక్సీ ముందుకి రాగానే కప్పమని పొద్దున్నే నేను ట్రైనింగ్ ఇచ్చా కదా.

మోరీన్ ఆంటీ వచ్చింది. సన్నగా, నిటారుగా, కర్ర ఆనించుకుని. ఫ్లెక్సీ ముందు నిలబడింది. తిడుతుంది అనుకున్నా. తిట్టినా బాగుండు. "డెనిస్, అరవై ఏళ్ళు నీతో పోట్లాడా. తప్పు నాది" అంది. ఫోటో వైపు తిరిగి, "నన్ను క్షమించు" అని ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడు, ఏ తల్లి కన్నదో కానీ, మా ఆయన వెనకనించి వచ్చి శాలువా కప్పి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నేను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నా, చేతిలో మళ్ళీ ఆ పొద్దుటి కత్తెర. నేనూ కొట్టా చప్పట్లు. కొట్టకపోతే ఏమైందని అడుగుతారని. సిగ్గు లేదు నాకు.

జనం వెళ్ళిపోయేదాకా శాండ్‌విచ్‌లు పంచా. చివరాఖర్లో అక్కా తమ్ముడూ వంటింట్లో టేబుల్ దగ్గర చేయీ చేయీ పట్టుకుని కూర్చున్నారు. ఇంక లాభం లేదు. "అంకుల్, నేనొక పేజీ చూడలేదు" అని, ఫోన్ తీసి ఆయన ముందు పెట్టా.

భూతద్దం పెట్టి పైకి చదివాడు. నాలుగు లైన్లే కదా. అయినా చాలాసేపు పట్టింది. మోరీన్ ఆంటీ శాలువా ఇంకా తీయలేదు, దాన్నే బిగించి పట్టుకుంది. 

"ఆయనే రాశాడా?" అన్నాడు.

"ఆయనే అంకుల్."

"రాయకపోయి ఉంటే?"

"మీరీరోజు హాయిగా ఉండేవాళ్ళు" అన్నా, ఇంక నా వల్ల కాలా. వెక్కి వెక్కి ఏడ్చా. "నన్ను క్షమించండంకుల్. తర్వాతి కాగితం చూడటమే నా ఉద్యోగం. రోజూ చేసే పని. ఎందుకు చూడలేదో నాకే తెలీదు."

"నాకు తెలుసు. చూడాలని నీకు లేదు. నాకూ లేదు. ఆ ఒక్కటీ దొరికాక ఇంకా వెతుకు అని నేనైనా అన్నానా?" అన్నాడు డెనిస్ అంకుల్. కోపం లేదు గొంతులో. అలసట ఉంది, అంతే. ఆ పూటకి పదేళ్ళు ముసలాడైపోయాడు మనిషి.

మోరీన్ ఆంటీ నన్నే చూస్తోంది. "చచ్చిపోయిన ముగ్గురూ ఎవరు?" అని అడిగింది.

"పేర్లు వేయలేదు ఆంటీ. ఒక ఆడమనిషి, ఇద్దరు మగాళ్ళు, కూలీలు అని ఉంది."

నేను ఆ వార్త యాభైసార్లు చదివి ఉంటా. ఆ ముగ్గురి దగ్గర ఒక్కసారి ఆగలేదు. గబగబా దాటుకుని టూమీ పేరు దగ్గరికి పోయేదాన్ని. చదువుతున్నదేమో మా ఊరోళ్ళ చావు! ఆమె అడిగితే అప్పుడు నాకు మా జేజి గుర్తొచ్చింది, మా నాయన వాళ్ళమ్మ. సంగటి వండిన పూటల్లా, మాకెవరికీ పెట్టకముందే ఒక ముద్ద తీసి గోడ మీద పెట్టేది. కాకులకా జేజీ అంటే, "కాదు మే, గింజలకు పోయినోళ్ళకి" అనేది. ఎవరు జేజీ వాళ్ళంటే, "నాకేం తెలుసు, మాయమ్మ పెడతాండె, నేను పెడతాండా" అనేది. చిన్నప్పుడు మాకదొక నవ్వులాట. గింజలకు పోయి తిరిగిరానోళ్ళు ఎవరో, ఏ గోదాముకి పోయారో, ఆ ముగ్గురిలో ఉన్నారో లేదో, ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు. వంటింట్లో నిలబడి ఇదంతా వాళ్ళకి చెప్పేశా. నా ఇంగ్లీషు ఎట్లా వచ్చిందో ఏమో.

మోరీన్ ఆంటీ శాలువా తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత డెనిస్ అంకుల్, "డాడీ చెప్పిన ప్రకారం అయితే పేరు చెక్కించకూడదు. చేయలేదని తేలితేనే అన్నాడు" అన్నాడు.

"చెక్కించు" అంది మోరీన్ ఆంటీ.

ఆయన తలెత్తి చూశాడు. అరవై ఏళ్ళు వద్దన్న మనిషి!

"ఊరికే వచ్చిన పొగడ్త ఉంచుకుని నోరు మూసుకోవచ్చు. మూసుకోలా. చేసింది ఒప్పుకున్నాడు. మనమెందుకు దాచాలి?" అంది.

డెనిస్ అంకుల్ ఆమె మాటకి తలూపలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పద్మా. చచ్చింది మీవాళ్ళు. నువ్వొద్దంటే మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దంటా."

చూశారా! వాగుడుకాయని అని నన్ను మీరందరూ ఆడిపోసుకుంటారు కదా, ఆ నోరు కట్టేసి పోయి కెటిల్లో నీళ్ళు పట్టా. నన్నా అడిగేది? ఆయనకేమో ఇంక క్రిస్మస్ దాకా టైము లేదు. వద్దంటే ఆ ఖాళీ అట్లానే ఉండిపోతుంది. పెట్టండి అంటే, ఆ ముగ్గురికీ ఏం చెప్పాలి? ఒకామె ఉంది అందులో. గింజల కోసం ఒడి పట్టుకుని వచ్చి ఉంటుంది.

"పెట్టండంకుల్" అన్నా చివరికి. "మావాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ లేవు. ఆయన పేరన్నా రాయి మీద ఉంటే, ఎవరీయన, ఏం చేశాడు అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడైనా మావాళ్ళ మాట వస్తుంది."

"అడిగినవాళ్ళకి నేను చెప్తా, ఉన్నన్నాళ్ళు" అన్నాడు. "తర్వాత నువ్వు చెప్పాలి." నా చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళ డాడీ ఆయన చెయ్యి ఇట్లానే పట్టుకుని ఉంటాడు అనిపించింది, అప్పుడింక నాకు భయం కూడా వేసింది. వెనకా ముందూ చూడకుండా మాటిచ్చేసే మనిషిని కదా. ఈసారి చూశా. చూసే ఇచ్చా.

సోమవారం మేస్త్రీ వచ్చి చెక్కాడు. ఒట్టి పేరు. జెరమయా టూమీ, కడప. అంతే.

ఇదీ నా ఘనకార్యం. ఒప్పుకునే హక్కు నాకుందో లేదో ఇప్పటికీ తెలీదు. రేపు నేను పోయాక పైన ఆ ముగ్గురూ ఎదురొచ్చి, "నిన్నెవరే అడిగింది, మా తరఫున సరేనంటానికి?" అంటే ఏం చేస్తా? పోయి మా జేజి కొంగు చాటున దాక్కుంటా, అంతే.